ప్రతి మాత్ర వెనకా ఒక గుర్తు పెట్టించండి

భారత ఔషధ నియంత్రణాధికారి గారికి,

జలుబు చేస్తే మా వైపు ఎవరూ ముందుగా డాక్టరు దగ్గరికి పోరు. మెడికల్ షాపుకెళ్ళి "ఒళ్ళు నొప్పులు, ముక్కు కారుతోంది, ఏమన్నా ఇయ్యి బాబూ" అంటారు. అతను డోలో షీటులోంచి నాలుగు, సినారెస్ట్ షీటులోంచి నాలుగు కత్తిరించి కవర్లో వేసిస్తాడు. కూలి పోగొట్టుకుని ఆస్పత్రి వరసలో నిలబడలేని మనిషికి ఆ షాపే దిక్కు. దాన్ని నేను తప్పుపట్టను.

డోలో-650లో 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. సినారెస్ట్ మాత్రలో మరో 500. జ్వరానికొకటి, జలుబుకొకటి అనుకుని రెండూ మింగితే ఒక్కసారికే 1150. జ్వరం దిగలేదని రోజుకు నాలుగుసార్లు వేసుకుంటే 4600. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళే రోజుకు 4000 దాటకూడదు. బక్కచిక్కిన ముసలివాళ్ళకు, రోజూ సారా తాగేవాళ్ళకు హద్దు ఇంకా తక్కువ. మోతాదు మించితే దెబ్బ తగిలేది కాలేయానికి. మొదటిరోజు పెద్దగా ఏమీ తెలియదు, నా భయమంతా అదే. కళ్ళు పచ్చబడేసరికి చాలా ఆలస్యమైపోతుంది.

ఏ మందు ఎంతుందో షీటు మీద రాసే ఉంటుంది. కత్తెర పడ్డాక ఇంటికొచ్చే ముక్క మీద సగం పేరు మిగిలితే గొప్ప, గడువు తేదీ షాపులోనే ఉండిపోతుంది. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద ప్రభుత్వం క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. విడిగా కొన్న నాలుగు మాత్రలతో ఆ కోడ్ రాదు.

అదే ఏడాది డిసెంబరులో, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన చుక్కల మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద అచ్చువేయమన్నారు. చాలా మంచి పని చేశారు. కానీ ఆ హెచ్చరిక చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటే, అర్ధరాత్రి ముక్కుదిబ్బడతో ఏడ్చే బిడ్డను ఎత్తుకున్న తల్లి ఎలా చదువుకుంటుంది?

ప్రతి మాత్ర గుంట వెనకా మందు పేరు, మోతాదు, గడువు అచ్చు వేయించండి. అన్ని భాషల్లో ముద్రించలేమని కంపెనీలు అంటే, పారాసిటమాల్ ఉన్న ప్రతి మందుకూ ఏ బ్రాండైనా సరే, ఒకే గుర్తు, ఒకే రంగు నిర్ణయించండి. దాని అర్థం చెప్పే బోర్డు ప్రతి మెడికల్ షాపులోనూ స్థానిక భాషలో పెట్టించండి. అక్షరం ముక్క రాని అవ్వ కూడా రెండు మాత్రల మీద అదే గుర్తు చూస్తే ఒకదాన్ని పక్కన పెట్టేస్తుంది.