డిజిటల్ సాయానికీ శిక్షణ ఉండాలి



ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో ఉపాధి హామీ కూలి, పింఛను, స్కాలర్‌షిప్పు ఇప్పుడు బ్యాంకు ఖాతాల్లోనే పడుతున్నాయి. ఖాతాలు వచ్చినంత వేగంగా వాటిని నడుపుకునే నేర్పు రాలేదు. 2011 జనాభా లెక్కల నాటికి, సుక్మా కూడా కలిసి ఉన్న ఈ జిల్లాలో అక్షరాస్యత 42 శాతమే. అందుకే ఫోన్‌లో ఏ పని పడినా పెద్దలు ఊళ్లో చదువుకుంటున్న పిల్లల్నే ఆశ్రయిస్తున్నారు. ఎలాగూ అందుతున్న ఈ సాయానికి శిక్షణ తోడైతేనే అది క్షేమంగా సాగుతుంది.

ఇక్కడ ప్రయత్నాలు జరగకపోలేదు. పెద్ద నోట్ల రద్దు తర్వాత పాల్నార్‌లో వైఫై పెట్టి, సంతలో నగదు లేని చెల్లింపులు మొదలుపెట్టారు. 2017లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఇంటికి ఒకరికి 20 గంటల పాఠం చెప్పాలనుకుంది. 2024 మార్చితో అది ముగిసింది. కానీ ఈ విద్య ఒకసారి నేర్చుకుంటే తీరిపోయేది కాదు. ఫోన్ మారుతుంది, పిన్ మరచిపోతారు, కేవైసీ మళ్లీ అడుగుతారు. అవసరం పడినప్పుడల్లా పలికే మనిషి ఊళ్లోనే ఉండాలి.

ఆ మనిషి కాలేజీ విద్యార్థి కావచ్చు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం కింద ప్రతి వలంటీరూ ఏటా 120 గంటలు సేవ చేయాలి. మొక్కలు నాటడం, వీధులు ఊడవడంతో పాటు అందులో కొన్ని గంటలు దీనికి కేటాయిస్తే కొత్త పథకం అక్కర్లేదు.

శిక్షణలో మొదటి పాఠం చేతులు కట్టుకుని కూర్చోవడం. అవ్వ చేతిలోని ఫోన్ లాక్కుని నిమిషంలో పని ముగించే కుర్రాడు సాయం చేసినట్టు కనిపిస్తాడు. అవ్వ మాత్రం మరుసటి నెలా అతని కోసమే ఎదురుచూస్తుంది. బటన్లు ఆమే నొక్కాలి. రెండో పాఠం, పిన్ చెప్పబోయినా వినకపోవడం. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర్లేదన్న సంగతి కూడా అప్పుడే చెప్పాలి.

మూడో పాఠం వేలిముద్ర గురించి. స్మార్ట్‌ఫోన్ లేనివారు బ్యాంక్ మిత్ర దగ్గర ఆధార్‌తో డబ్బు తీసుకుంటారు. "పడలేదు, మళ్లీ పెట్టు" అనగానే వేలు పెట్టేస్తారు. మొదటిసారే డబ్బు కోతపడిందో లేదో రసీదుతోనో, నిల్వ చూసుకునో తేల్చుకున్నాకే రెండోసారి పెట్టాలి. మోసం జరిగితే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. ఇవన్నీ గోండీ, హల్బీల్లో చెప్పాలి. కిరందుల్, బచేలి గని టౌన్‌షిప్పుల్లో తెలుగు కుటుంబాలకు తెలుగులోనూ చెప్పవచ్చు.

పిల్లలు పెద్దలకు నేర్పగలరా అన్న సందేహానికి కేరళ జవాబు చెప్పింది. అక్కడ బడిపిల్లల లిటిల్ కైట్స్ క్లబ్బులు 2022లో తల్లులకు సైబర్ భద్రత నేర్పాయి. వలంటీర్లు ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పాక, 2025 ఆగస్టులో ఆ రాష్ట్రం సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత ప్రకటించుకుంది. దంతెవాడ కేరళ కాదు. ఇక్కడ సిగ్నలే అందని ఊళ్లున్నాయి. అలాంటి ఊళ్లవారు కూడా వారపు సంతకు వస్తారు. పాఠం పెట్టాల్సిన చోటు అదే.

చదువు దెబ్బతింటుందని, పిల్లలే డబ్బు కాజేయవచ్చని భయపడేవారికీ మార్గముంది. వారానికి రెండు గంటలకు మించకుండా, ఇద్దరిద్దరుగా, అధ్యాపకుల పర్యవేక్షణలో, నలుగురూ చూసే చోటే పని జరగాలి. ఎవరికి ఏం నేర్పారో పుస్తకంలో రాయాలి. ఖాతా వివరాలు మాత్రం రాయకూడదు. పైసా పుచ్చుకోకూడదు.

జగదల్‌పూర్‌లోని శహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయం, దంతెవాడ జిల్లా యంత్రాంగం కలిసి వచ్చే విద్యా సంవత్సరంలోనే ఒకటి రెండు సంతల్లో దీన్ని మొదలుపెట్టాలి.

— ఒక పాఠకుడు,
బచేలి, దంతెవాడ జిల్లా