ఒడ్డుకు ఎంత వెలుతురు కావాలి?

దోహాలో, అల్ మన్సూరాలో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ ముషైరిబ్. అక్కడ గోల్డ్ లైన్‌కు మారి నేషనల్ మ్యూజియం దగ్గర దిగితే పాత దోహా పోర్టు దారి పట్టొచ్చు. టికెట్టు రెండు రియాళ్లే. 2022 ప్రపంచ కప్పుకు ముందు ఈ రేవును బాగుచేసి, లేత గులాబీ, పసుపు, నీలం గోడల ఇళ్లతో, చేపల మార్కెట్‌తో, ఓడల టెర్మినల్‌తో ముస్తాబు చేశారు. ఆ రంగు ఇళ్ల పేట పేరు మీనా డిస్ట్రిక్ట్.

వేసవిలో ఇక్కడ పగటిపూట ఒడ్డున నిలబడేదెవరు? జనం కదిలేది పొద్దుగూకాకే. కాబట్టి ఈ తీరం అందమంతా దీపాలు పెట్టినవాడి చేతిలో ఉంది. ఆ రంగు గోడల మీద ట్యూబులైటులాంటి తెల్లటి వెలుగు పడితే గులాబీ పాలిపోతుంది. మరీ పసుపు వెలుగైతే నీలం బూడిదరంగుకు తిరుగుతుంది. ఎన్ని వాట్లు అన్నది కాదు, గోడ రంగును ఉన్నదున్నట్టు చూపించే దీపమా కాదా అన్నదే లెక్క.

పక్కనే ఇస్లామిక్ కళల మ్యూజియం. 2008లో తెరిచారు. రేపు ఏ కొత్త కట్టడమూ అడ్డు రాకూడదని వాస్తుశిల్పి ఐ.ఎం.పే పట్టుబట్టి మరీ సముద్రంలో దానికో దీవి కట్టించుకున్నాడు. ఒకదానిమీదొకటి పేర్చినట్టుండే ఆ సున్నపురాతి దిమ్మెలకు ప్రాణం నీడలే. నాలుగు వైపులా ఫ్లడ్‌లైట్లు కొడితే అది అట్టపెట్టె. ఒక పక్కనుంచి వెలుగు పడితేనే శిల్పం.

ఇక జనాన్ని షికారు తిప్పే చెక్క పడవల సంగతి. ఒకప్పుడు ముత్యాల వేటకు వెళ్లిన ధౌ పడవలకు వారసులివి. ఇప్పుడు కొస నుంచి కొసకు ఎల్‌ఈడీ పట్టీలు, గులాబీ నుంచి ఆకుపచ్చకు పరుగెడుతూ. నాకు నచ్చదు. కానీ పడవవాణ్ణి తప్పుపట్టలేను, మెరవని పడవను ఎవరు ఎక్కుతారు? హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడికీ రంగులు మార్చే దీపాలు పెట్టినవాళ్లం మనం. అక్కడ బేరం కూడా లేదు!

నేను అడిగేది చిన్నది. స్తంభం ఎత్తు తగ్గించండి, దీపానికి తొడుగు వేసి వెలుగు నేలమీదే పడేట్టు చూడండి. కళ్లలోకి కొట్టే ఒక్క బల్బు చాలు, నీటికి అవతల జాఁ నూవెల్ కట్టిన దోహా టవర్‌తో సహా వెస్ట్ బే అంతా మసకబారడానికి. ఉత్తరాన ఫువైరిత్‌లో తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో తీరాన్నే మూసేస్తారు. తాబేలు పిల్లలు సముద్రం అనుకుని దీపాల వైపు పోతాయి మరి. చీకటి విలువ తెలియని దేశం కాదిది.

అసలు చిక్కు ప్రారంభోత్సవం తర్వాత మొదలవుతుంది. ఉప్పుగాలికి తొడుగులు తుప్పుపడతాయి, దీపాలు ఒక్కొక్కటే పోతాయి. స్టోరులో ఏది ఉంటే అది బిగిస్తే వరసలో ఒకటి తెలుపు, ఒకటి పసుపు. దీపాలు మార్చడానికి నిచ్చెనలెక్కేవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లూ ఉంటారు. వాళ్లకు ఏ రంగు బల్బు వేయాలో తెలుసు. అదే రకం కొనడానికి నిర్వహణ కాంట్రాక్టులో డబ్బు రాసి ఉంచాలి.

– మన్సూరా వాసి