గొంతు మోటుగా ఉందన్నారు

మా అన్నయ్య కూతురికి పదిహేనేళ్లు. మూడేళ్లు సంగీతం క్లాసుకి వెళ్లింది, ఓ రోజు చెప్పాపెట్టకుండా మానేసింది. "ఏమయిందే?" అంటే ముందు చెప్పలేదు. తరవాత ఎప్పుడో మెల్లగా బయటపెట్టింది. ఏదో ఫంక్షన్‌లో ప్రార్థన పాడే పిల్లల్ని ఎంపిక చేస్తూ, "నీది మగ గొంతులా ఉందమ్మా, నువ్వు వెనక్కెళ్లి నిలబడు" అన్నారట. అన్నవాళ్లకి గుర్తు కూడా ఉండి ఉండదు. దీనికి మాత్రం ఆ రోజు నుంచి నోట్లోంచి పాట రావడం ఆగిపోయింది.

పాడటం మానేసింది గానీ వినడం మానలేదు. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లే. కొరియా పాటలు, జపాన్ పాటలు. "భాష రాదు కదే, ఏం అర్థమవుతుంది?" అని అడిగితే, "గొంతు అర్థమవుతుంది అత్తా" అంది. ఆ మాట పట్టుకుని నేనూ రెండు నెలలుగా వింటున్నాను. దాని ఫోన్‌లో ఈ కాలం గాయనులుంటే, నేను పాతకాలానికి తవ్వుకుంటూ పోయాను. తవ్వినకొద్దీ ఒకే సంగతి తగులుతోంది. ఆ దేశాలు నెత్తిన పెట్టుకున్న గాయనుల్లో చాలామందికి మొదట వినిపించిన మాట, "ఇలా పాడకూడదు" అన్నదే!

హిబారి మిసోరా సంగతే చూడండి. యుద్ధం ముగిసిన కొత్తలో జపాన్ రేడియో సంస్థ ఎన్‌హెచ్‌కె సామాన్య జనంతో పాడించే పోటీ పెట్టింది. యోకొహామాలో చేపల కొట్టు నడిపే ఆయన కూతురు, పట్టుమని పదేళ్లు లేని పిల్ల, వెళ్లి పాడింది. బాగానే పాడింది. కానీ గెలుపు గంట మోగలేదు. పిల్ల పిల్లలా పాడకుండా పెద్దాళ్ల పాటని పెద్దాళ్ల గొంతుతో పాడిందన్నది న్యాయనిర్ణేతల అభ్యంతరం. ముద్దుగా లేదన్నమాట.

ఆ పిల్లే పన్నెండేళ్లకి, 1949లో, సినిమాలో మగవాళ్ల పొడుగు కోటూ టోపీ వేసుకుని పాడి దేశాన్ని ఊపేసింది. ఆవిడ పాట వింటే తెలుస్తుంది. కింది స్థాయిలో గొంతు బరువుగా, మట్టిలో నడిచినట్టు ఉంటుంది. పైకి వెళ్లేచోట ఉన్నట్టుండి సన్నటి దొంగ గొంతులోకి జారుతుంది. ఆ జారుడు దాచడానికి ప్రయత్నించదు, దాన్నే అందంగా చేసి చూపిస్తుంది. జపాన్‌లో 'ఎంకా' అని ఓ రకం పాటలున్నాయి (మన ఎంకి పాటలకీ వీటికీ చుట్టరికం లేదు లెండి). అందులో స్వరాన్ని చిన్నగా తిప్పి వదలడాన్ని 'కొబుషి' అంటారు. మన గమకానికి దూరపు బంధువు అనుకోవచ్చు. అది ఆవిడ గొంతులో వినాలి.

1987లో జబ్బుపడి నెలల తరబడి ఆసుపత్రిలో ఉంది. 1988 ఏప్రిల్ 11న కొత్తగా కట్టిన టోక్యో డోమ్‌లో లేచి నిలబడి 39 పాటలు పాడింది. బయట అంబులెన్స్ సిద్ధంగా పెట్టుకుని మరీ! ఏడాది తిరిగాక, 52 ఏళ్లకే పోయింది. ఆ దేశ ప్రభుత్వం ఇచ్చే జాతీయ గౌరవ పురస్కారం అందుకున్న మొదటి మహిళ ఆవిడే. గంట మోగించని పోటీ నిర్వాహకుల పేర్లు మాత్రం ఇప్పుడెవరికీ అక్కర్లేదు.

ఇక సముద్రం ఇవతల కొరియా. ఇక్కడ అడ్డుపడింది ఏకంగా ప్రభుత్వమే.

1910 నుంచి 1945 దాకా కొరియాని జపాన్ ఏలింది. ఆ గాయం పచ్చిగా ఉన్న కాలంలోనే, 1964లో, లీ మిజా అనే ఇరవై మూడేళ్ల అమ్మాయి 'కమీలియా పిల్ల' అనే అర్థం వచ్చే పాట పాడింది. పాట ఊరూరా మోగింది. కొద్దికాలానికే దాని మీద నిషేధం పడింది. కారణం? పాటలో 'జపాన్ వాసన' ఉందట. అక్కడి 'ట్రాట్' పాటలూ జపాన్ ఎంకాలూ చాలావరకు మధ్యమం, నిషాదం వదిలేసి ఐదు స్వరాలతో నడిచే బాణీలే. వలస పాలనలో రెండు దేశాల పాటలూ కలిసి పెరిగాయి. దాన్ని ఇప్పుడు కత్తెరతో విడదీయడం ఎలా కుదురుతుంది? అయినా ఆ పాట మీద నిషేధం 1987 దాకా తొలగలేదు. ఇరవై ఏళ్లకి పైగా! ఆవిడ పాడటం ఆపలేదు. జనం ఆ పాటని మరచిపోనూ లేదు.

ఇన్‌సూని కథ ఇంకో రకం. 1957లో పుట్టింది. తల్లి కొరియన్, తండ్రి అక్కడ పనిచేసిన నల్లజాతి అమెరికన్ సైనికుడు. ఆయన వెళ్లిపోయాడు, తల్లే పెంచింది. అందరూ ఒకే పోలికలో ఉండాలనుకునే సమాజంలో ఆ రంగుతో, ఆ జుట్టుతో పెరగడం ఎంత కష్టమో మనకి చెప్పక్కర్లేదు. 1978లో ముగ్గురమ్మాయిల బృందంలో మొదలుపెట్టి, తరవాత ఒంటరిగా నిలబడింది. గుండెలోతు నుంచి వచ్చే గొంతు, హాలు గోడల్ని తాకి వెనక్కొస్తుంది. న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో 1999లో ఒకసారి, 2010లో మరోసారి పాడింది. రెండోసారి కొరియా యుద్ధంలో పోరాడిన ముసలి అమెరికన్ సైనికుల్ని పిలిచి కూర్చోబెట్టుకుంది. తన తండ్రిలాంటి వాళ్లకి వినిపించాలనిపించింది కాబోలు. 2013లో తనలాంటి మిశ్రమ కుటుంబాల పిల్లల కోసం బడి పెట్టింది. 2023లో, 66 ఏళ్ల వయసులో, టీవీ కార్యక్రమం కోసం మరో ముగ్గురు సీనియర్లతో కలిసి 'గర్ల్ గ్రూప్' కట్టి డాన్సు కూడా చేసింది!

వీళ్లంతా పాతవాళ్లు కదా, ఇప్పుడు ఆ బాధలు లేవు కదా అంటారా? మా మేనకోడలు ఒప్పుకోదు. ఇప్పటి కొరియా బృందాల్లో ఐదారుగురు, ఒక్కోసారి తొమ్మిది మంది. మూడు నిమిషాల పాటలో ఒక్కొక్కరికి కొన్ని సెకన్లు. అందులో ప్రత్యేకమైన గొంతున్నా విప్పేలోపే వంతు అయిపోతుంది. అందుకే అభిమానులు స్టాప్‌వాచ్ పెట్టి మరీ ఎవరికెన్ని సెకన్లు ఇచ్చారో లెక్కేస్తారట. నవ్వొచ్చింది గానీ, ఆలోచిస్తే అది న్యాయమైన లెక్కే.

ఇంకో సంగతి కూడా అదే నేర్పింది. బలమైన గొంతంటే బొంగురుగానో బరువుగానో ఉండాలని లేదు. 2010లో ఐయూ అనే పదిహేడేళ్ల పిల్ల ఓ పాట చివర్లో ఒకే ఊపిరిలో మూడు మెట్లు ఎక్కినట్టు స్వరం పెంచుతూ పోయింది. గొంతు సన్నటిదే. పట్టు మాత్రం ఉక్కు. అలాగే జపాన్ గాయని మీషా. కొరియా తీరానికి సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న సుషిమా ద్వీపంలో పెరిగింది. 1998లో మొదటి పాటలోనే ఈలలా మోగే పైస్థాయి స్వరంతో అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది. 2021 టోక్యో ఒలింపిక్స్ ప్రారంభంలో జాతీయగీతం పాడింది ఈవిడే.

మా పిల్లకి అందరికన్నా ఇష్టం అడో. 2002లో పుట్టిన జపాన్ అమ్మాయి. ముఖం చూపించదు. ఇంట్లో బట్టల అలమరలో దూరి, తలుపేసుకుని పాడి రికార్డు చేసుకునేది. 2020లో, పద్దెనిమిది నిండే ముందురోజుల్లో వచ్చిన పాట పేరుకి అర్థం ఇంచుమించు 'నోర్మూసుకో'. పెద్దవాళ్ల నీతిబోధల మీద కోపం. గొంతు గర్జిస్తుంది, గీసుకుపోతుంది, వెంటనే పసిపిల్లలా మారుతుంది. 2024 ఏప్రిల్‌లో టోక్యో జాతీయ స్టేడియంలో పాడింది. అలమరలోంచి స్టేడియానికి నాలుగేళ్లు!

ఇవన్నీ వింటుంటే మన సినిమా పాటలు గుర్తొచ్చాయి. మనదగ్గరా నాయికకి సన్నటి తీయని గొంతే ఉండాలనుకున్నాం. ఎల్.ఆర్. ఈశ్వరిలాంటి గొంతుని ఎక్కువగా క్లబ్ పాటలకే పిలిచాం. ఆ పాటలు ఇప్పటికీ పెళ్లి ఊరేగింపుల్లో మోగుతూనే ఉన్నాయి. గొంతుకి గుణం అంటగట్టే అలవాటు మాత్రం ఇంకా పోలేదు. మంద్రంగా పాడే ఆడపిల్లని చూసి "శ్రుతి పెంచమ్మా" అనేవాళ్లే ఎక్కువ. దాని శ్రుతి ఏదో కనుక్కుందామనుకునేవాళ్లు తక్కువ.

వినాలనుకునేవాళ్లకి నాదో చిన్న సలహా. ముందు మిసోరా టోక్యో డోమ్ కచేరీ చూడండి. తరవాత లీ మిజా. ఆపైన ఇన్‌సూని, మీషా. చివర్లో అడో. మొదటే అడో పెడితే ఇంట్లో పెద్దవాళ్లు టీవీ కట్టేస్తారు, నాది అనుభవం!

మిసోరా చిన్ననాటి పోటీ కథ చెప్పినప్పుడు మా మేనకోడలు ఇయర్‌ఫోన్లు తీసి వింది. ఏమీ అనలేదు. మొన్న వదిన ఫోన్ చేసి చెప్పింది, స్కూల్లో గ్రూప్ సాంగ్‌కి మళ్లీ పేరిచ్చిందట. వెనక వరసలోనే నిలబెట్టారట.

పర్లేదు. ఆ గొంతుకి వెనక వరసైనా వినిపిస్తుంది.