ఒళ్లు చేశావనే ముందు

లూపస్ జబ్బుకు స్టెరాయిడ్లు వాడుతున్న అమ్మాయి పెళ్లికి వస్తే చాలు, "ఏమే, ఇంత ఒళ్లు చేశావేంటి?" అంటారు. అన్నవాళ్లకు అది పలకరింపే. ఆ మాటకు భయపడే ఆమె నలుగురిలోకి రావడం మానేస్తుంది. ఈ సంచిక ఆమె కోసం.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్లవాతంతో కదల్లేని ఒక మహిళకు కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే, కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆ కృషికి నోబెల్ వచ్చింది. స్టెరాయిడ్లు చేసే మేలు నిజం. లూపస్ కిడ్నీల మీదికి వచ్చినప్పుడు ప్రాణం నిలిపే మందుల్లో అవీ ఉన్నాయి. కానీ ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే కొవ్వు బుగ్గల్లో, మెడ వెనుక, పొట్ట చుట్టూ చేరుతుంది. చేతులూ కాళ్లూ మాత్రం సన్నబడతాయి. ఆకలి ఆగదు, నిద్ర పట్టదు. చర్మం పలచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. ఎముకలు గుల్లబారడం అద్దంలో కనపడదు కాబట్టి, దాని గురించి డాక్టరును అడిగి తీరాలి. ఈ ఒళ్లు మందు వల్ల వచ్చింది; ఇందులో తిండియావ లేదు, బద్ధకం లేదు.

ముఖం చూసుకుని విసిగిపోయి మాత్రలు ఒక్కసారిగా మానేస్తారేమోనన్నదే నా పెద్ద భయం. స్టెరాయిడ్ బయటి నుంచి అందుతుంటే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేస్తాయి. హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మోతాదు తగ్గేకొద్దీ చాలామందికి ముఖంలో గుండ్రదనం పోతుంది. చర్మం సాగి పడ్డ చారలు మాత్రం వెలిసినా, పూర్తిగా పోవు.

ఈ సంచికకు రాసినవాళ్లెవరినీ జబ్బుకు ముందటి ఫొటోలు అడగలేదు.