ఇస్త్రీ బండి కింది అర

హైదరాబాద్ నల్లకుంటలో కుంట కనిపించదు. కూరగాయల మార్కెట్ ఉంది, శంకరమఠం ఉంది, ఫీవర్ ఆస్పత్రి ఉంది. ఆ ఆస్పత్రిని పాతకాపులు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటను బస్తీ జనం నోట్లో వేసుకుని, నమిలి, తమది చేసుకున్నారు. 2020లో ఆ మాట దేశమంతా మోగినప్పుడు చదువుకున్నవాళ్లం దాన్ని కొత్తగా పలకడం నేర్చుకున్నాం. మా గల్లీ మొదట్లో పూలు మూరవేసి అమ్మే ముసలమ్మకు మాత్రం అది అత్తగారి నాటి మాట.

ఆ గల్లీలోనే వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. బండి అన్నది మాటవరసకే. చక్రాలు మట్టిలో దిగబడి అది కదిలి ఎన్నేళ్లయిందో. పైన రేకు, రేకు మీద రాలిన వేపాకు, కింద చెక్క తలుపున్న చిన్న అర. భర్త పొద్దున్నే దుప్పటి భుజాన వేసుకుని మెట్లెక్కి దిగి బట్టలు మూటగట్టి తెస్తాడు. ఇస్త్రీ చేసేది ఆవిడ. బొగ్గుల పెట్టె బరువేమిటో తెలియాలంటే ఒకసారి ఎత్తి చూడాలి. నిప్పు మందగించినప్పుడు ఆవిడ దాన్ని చెట్టు వైపు తిరిగి అటూ ఇటూ ఊపుతుంది, బూడిద లేచిపోయి కణికలు ఎర్రబడతాయి. తడి వేలితో అడుగు తాకుతుంది. చుయ్‌మన్న చప్పుడును బట్టి, ఇది నూలుకు పనికొచ్చే వేడా, పాలిస్టర్‌ను కాల్చేసే వేడా అన్నది ఆవిడ చెవికి తెలుస్తుంది.

లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితమని 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో అమలు చేశారు. మంచి పథకమే. కాని చెట్టుకు మీటరుండదు.

మనుషులను గమనించే అలవాటు కాస్త ఉన్నవాళ్లకు, సాయంత్రం పూట ఆ బండి పక్కన నిలబడితే కాలక్షేపానికి కొదవ లేదు. ట్యూషన్ ఎగ్గొట్టి చెట్టు చాటున నిలబడే కుర్రాడు, బేరమంతా ఆడి చివరికి కరివేపాకు ఊరికే వేయించుకుని గెలిచినట్టు నడిచి వెళ్లే ఇల్లాలు, రికార్డు చేసిన కేకను పెట్టెలోంచి వినిపిస్తూ తాను మాత్రం పెదవి విప్పని ఉల్లిగడ్డల ఆటో అతను. గల్లీ గల్లీకి అదే గొంతు. ఆ గొంతు అసలు మనిషి ఎక్కడుంటాడో, తన కేక ఇన్ని ఊళ్లు తిరుగుతోందని అతనికి తెలుసో లేదో! సత్యం శంకరమంచి అమరావతి అనే ఒక్క ఊరి మీద వంద కథలు రాశారు. నల్లకుంటలో ఒక్క సందు మీద ఆ పాటి కథలు లేవని ఎవరంటారు?

ఇన్నాళ్లూ వీధిని చూసేది మనమేనని అనుకున్నాం. కాదని తేలింది. ఒకరోజు ఆవిడ చొక్కా మడతపెడుతూ అంది: ‘‘మూడో అంతస్తు సారు బక్కగయ్యిండు. ప్యాంట్లన్నీ నడుము కాడ కుట్టిచ్చుకుండు. షుగరేమో అడుగుండ్రి.’’ మూడో అంతస్తు ఆయన మనకు పదేళ్లుగా లిఫ్టులో నమస్కారం పెట్టే పొరుగువాడు. మనం చూడలేదు.

పూర్వం చాకలివాళ్లు బట్ట అంచున నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్లు. చుక్కో గీతో, ఇంటికొక గుర్తు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. ఈవిడకు గుర్తు అక్కర్లేదు. కాలరు అరుగుదల చూసి ఎవరి చొక్కానో చెబుతుంది. యూనిఫాం రాకపోతే పిల్లాడికి జ్వరమని, రోజుకొక చుడీదార్ వస్తే ఆ ఇంటి పిల్ల కొలువులో చేరిందని, పట్టుచీరలన్నీ ఒక్కసారి దిగితే ఆ ఇంట్లో శుభకార్యమని ఆవిడకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. జేబుల్లో దొరికినవి వేయడానికి ఒక హార్లిక్స్ సీసా ఉంది. అందులో బస్సు టిక్కెట్లు, మందుల చీటీ, ఒక జూకా. డబ్బయితే సీసాలో వేయదు, ఆ చొక్కా మడతలోనే పిన్నీసు పెట్టి పంపుతుంది. అలా పిన్నీసుతో తిరిగివచ్చిన నోటు అందుకున్న రోజు, అంతకు ముందు వారమే అంగీకి రెండు రూపాయలు పెంచిందని ఆవిడతో వాదించిన సంగతి గుర్తొచ్చి ముఖం చెల్లలేదు.

చూసే పనిని ఇప్పుడు కెమెరాలకు అప్పగించాం. పోలీసులు ‘నేను సైతం’ అని పేరుపెట్టి పిలిస్తే కాలనీలు చందాలు వేసుకుని మరీ బిగించుకున్నాయి. దొంగ దొరకడానికి అవి కావలసిందే, కాదనలేం. మా గల్లీ మొదట్లోనూ ఒకటుంది. మూడో అంతస్తు ఆయన దాని కింద నుంచి రోజూ రెండుసార్లు నడుస్తాడు. ఆయన చిక్కిపోయిన సంగతి అది ఎవరికీ చెప్పలేదు.

ఎదురింట్లో ఒక రిటైర్డు మాస్టారు ఒంటరిగా ఉండేవారు. గంజి పెట్టిన లాల్చీలు రెండంటే రెండే ఇస్త్రీకి ఇచ్చేవారు, అదీ శుక్రవారం. ‘‘మూడు మడతలే అమ్మా, నాలుగొద్దు’’ అని ప్రతిసారీ చెప్పేవారు, ఆవిడ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు తలూపేది. ఆ శుక్రవారమూ అలాగే ఇచ్చారు. ఆదివారం తెల్లవారేసరికి ఇంటి ముందు శామియానా వేశారు. కొడుకు డాలస్ నుంచి వచ్చాడు, కర్మ జరిపించాడు. ఇల్లు బ్రోకరుకు అప్పగించి తాళం వేస్తుండగా ఆవిడ లాల్చీలు పట్టుకుని వెళ్లింది. ‘‘ఎవరికైనా ఇచ్చేయమ్మా’’ అని ఐదు వందల నోటు చేతిలో పెట్టాడు. తప్పుపట్టడానికేమీ లేదు, ఆ సమయంలో ఎవరైనా అదే అంటారు. ఆవిడ రెండు లాల్చీల కూలి ఇరవై రూపాయలు మినహాయించుకుని మిగతా చిల్లర అతని చేతిలో లెక్కపెట్టి వచ్చింది.

మొన్న బోనాల ముందు బండి కడుగుతూ కింది అరలోవన్నీ బయట పెట్టింది. బొగ్గుల సంచి, నీళ్ల సీసా, చినిగిన గొడుగు. పాత చీర ముక్కలో చుట్టి ఆ లాల్చీలు. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మూడు మడతలే ఉన్నాయి.