మిషన్ పాతదైతే గదికి తాళమెందుకు?



నిజామాబాద్ టౌన్‌లో మేము చదువుకునే హాస్టల్‌లో ఆరు కంప్యూటర్లు ఒక గదిలో దుమ్ము పట్టి పడున్నయి. గదికి తాళం. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "అవి పాతవి, కొత్త విండోస్ ఎక్కదు, తుక్కు కింద పోతయ్."

కొత్త విండోస్ ఎక్కదన్నది నిజమే. విండోస్ 11కు టీపీఎం 2.0 చిప్పు, కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంతమాత్రాన మిషన్ చచ్చిపోయినట్టేనా?

కాదు. పప్పీ లినక్స్ అని ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది, ఉచితం. పాత 32-బిట్ మిషన్లకు సరిపోయే పాత వెర్షన్లు కూడా దొరుకుతయి. ఖాళీ పెన్‌డ్రైవ్ తీసుకొని రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఎక్కించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌ల ఉన్నదంతా చెరిగిపోతది, జాగ్రత్త. మిషన్ ఆన్ చేయంగనే ఎఫ్12 గానీ, ఎఫ్9 గానీ, ఎస్కేప్ గానీ నొక్కితే బూట్ మెనూ వస్తది (కంపెనీని బట్టి మీట మారుతది). అందులో యూఎస్‌బీ ఎంచుకుంటే చాలు. సిస్టమ్ ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తది. మనం ఇన్‌స్టాల్ చేయనంతవరకు హార్డ్‌డిస్క్‌ల ఉన్నది అట్లనే ఉంటది. "గవర్నమెంటు సామాను ఖరాబ్ చేస్తరు" అనే భయానికి ఇదే జవాబు.

మన సీనియర్లు కొందరు "షాపుల కాపీ విండోస్ 7 వేయిద్దాం" అంటున్నరు. వద్దన్నా! దానికి సపోర్టు 2020 జనవరి 14నే ముగిసింది. దొంగ కాపీల వైరస్ ఉంటే మనకు తెల్వదు. ఇంకో మాట: పాత వెర్షన్ ఏదైనా సరే, దాంట్ల బ్యాంకు పనులు, ఆధార్ పనులు చేయొద్దు. టైపింగ్, మౌసు, ఫైళ్లు నేర్చుకోవడానికి నెట్ అవసరమే లేదు.

"పాత మిషన్ మీద నేర్చుకుంటే ఏమొస్తది?" అనేటోళ్లకు ఒక ప్రశ్న. మన ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదనే రాస్తున్నం. రైల్వే, ఎస్సెస్సీ పరీక్షలూ అంతే. చెరుకు కోతకు పోయే అమ్మానాన్నల పిల్ల మౌసు మొదటిసారి పట్టుకునేది పరీక్ష హాల్లోనేనా? పక్క సీటు పిల్ల ఇంట్లో రోజూ పట్టుకుంటది. ఇది తెలివి తేడా కాదు, తాళం తేడా.

బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్స్ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌ల మూతపడ్డది. ఆ మిల్లును నడిపించుడు మన చేతుల లేకుండె. ఈ ఆరు మిషన్లను నడిపించుడు మన చేతులనే ఉంది.

మేము అడిగేది కొత్త ల్యాబ్ కాదు. రోజూ సాయంత్రం ఒక గంట తాళం తీయండి. తుక్కు వేలానికి ముందు ఒక్కో మిషన్‌ను పెన్‌డ్రైవ్‌తో మా ముందు పరీక్షించండి. నడవనిది అమ్ముకోండి, నడిచేది మాకియ్యండి.

మీ హాస్టల్ల ఇట్లాంటి గది ఉంటే ఎన్ని మిషన్లున్నయో లెక్కపెట్టండి. అందరం కలిసి అర్జీ పెడదాం.