ఆ గంప మన ఇంటిదే

సాయంత్రం స్టడీ అవర్ గంట కొట్టే ముందు మన హాస్టల్ గోడ అవతల నుంచి వచ్చే కేకలు పాత విద్యార్థుల్లో ఎవరు మరచిపోగలరు? "జామకాయలోయ్... దోర జామకాయలు!" అని ఒక గొంతు. "ఉప్పోయ్... ఉప్పు" అని సైకిల్ మీద ఇంకో గొంతు. ఐసు బండి అతనికి గొంతుతో పనే లేదు. పెట్టె మూత టపటపా కొడితే చాలు, గదుల్లో ఉన్నవాళ్ళమంతా గోడ దగ్గర చేరేవాళ్ళం. కాస్మెటిక్ ఛార్జీలు చేతికొచ్చిన వారం కొనుక్కునేవాళ్ళం. మిగతా రోజుల్లో విని ఊరుకునేవాళ్ళం. వినడానికి డబ్బులక్కర్లేదు కదా!

ఆ కేకలో ఎంత తెలివి ఉందో మాకు అప్పుడు తెలియదు. సరుకు పేరు చివర సాగదీసేది ఊరికే కాదు. వంటింట్లో ఉన్న ఇల్లాలు చేయి కడుక్కుని బయటికి వచ్చేలోగా గంప దాటిపోకూడదు. ఒకరి రాగం ఇంకొకరిది కాదు. మాట అర్థం కాకపోయినా వచ్చిందెవరో ఇట్టే తెలిసిపోయేది.

దసరా సెలవులు అయిన కొత్తలో ఒకరోజు మా మిత్రుడి అమ్మ సీతాఫలాల గంపతో హాస్టల్ వీధిలోకి వచ్చి కేకేసింది. వాడు కిటికీ దగ్గర నుంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు. మేము నవ్వాం. ఆ రాత్రి భోజనాల దగ్గర అదే రాగం తీసి వాణ్ణి ఏడిపించాం కూడా. మాలో కూలికి పోని తల్లి ఎవరికుందని? ఆమె వాచ్‌మన్ చేతికి ఆరు పళ్ళు ఇచ్చి వెళ్ళింది. నవ్విన మేమే అవి పంచుకు తిన్నాం. ఇప్పుడిది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఉల్లిపాయల ఆటో వస్తే మైకులో రికార్డు మోగుతుంది. పాత కేకలు పోయాయని కొందరు బాధపడతారు. మాకు అంత బాధ లేదు. పొద్దస్తమానం అరిచి గొంతు పోగొట్టుకునే బాధ తప్పింది, మంచిదే. మా దిగులల్లా, రోడ్డు పక్క నుంచి ఆ మనిషినే లేపేస్తున్నారని.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. గంప నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్ళకూ అది వర్తిస్తుంది. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఎవరినీ ఖాళీ చేయించకూడదని అందులో రాసి ఉంది. పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. 2020లో పది వేల రూపాయల మొదటి అప్పుతో పీఎం స్వనిధి పథకం కూడా వచ్చింది. ఈ సంగతులు గంప మోసే తల్లికి ఎవరు చెప్పాలి? మనలో ఎందరో ఉద్యోగాల్లో ఉన్నారు. తమ్ముళ్ళు డిగ్రీలు చదువుతున్నారు. మన బస్తీలో ఒక్కో ఇంటికి వెళ్ళి దరఖాస్తు నింపిపెట్టడానికి ఒక ఆదివారం చాలదా?

ఈ వార్షికోత్సవానికి మా మిత్రుడు వాళ్ళమ్మను తీసుకొస్తున్నాడు. ఆరు పళ్ళ సంగతి వాడు ఎత్తడు. ముందు మేమే ఎత్తాలి.